మంచినీళ్ళలో ఇంజిన్

నా పికప్ మీద ఈ ఊరివాళ్ళు చేపల బుట్టలు చూశారు, వలలు చూశారు, పెళ్ళి కుర్చీలు చూశారు, ఒక చర్చి పండక్కి మాత విగ్రహాన్ని కూడా చూశారు. నీళ్ళు నింపిన నీలం డ్రమ్ములో తలకిందులుగా దించిన పడవ ఇంజిన్‌ని మాత్రం ఎన్నడూ చూడలేదు. తల నీళ్ళలో, కాలు పైకి. ఆ కాలి చివర పడవని తోసే ఫ్యాను డ్రమ్ము అంచు దాటి బయటికి పొడుచుకుని ఉండేది. పిల్లలు టైరెక్కి దాన్నో తిప్పు తిప్పి పారిపోయేవాళ్ళు. పెద్దవాళ్ళేం తక్కువ తినలేదు. ఇంజిన్‌కి తలంటి పోస్తున్నావా పనియడిమా అని నా పేరు పెట్టి ఒకడు, జలుబు చేస్తుంది తుడవవయ్యా అని ఇంకొకడు. నా నోరు అసలే మంచిది కాదు. ఆ వారం అది మరీ పాడైపోయింది.

ఆ ఇంజిన్ మా పెద్ద మేనల్లుడు స్టెల్లస్‌ది. వాణ్ణి పాతిపెట్టిన మట్టి ఇంకా ఆరలేదు.

వాడు మా అక్క బ్రిజిత పెద్ద కొడుకు. చిన్నవాడు జెలస్టిన్. బావ పోయాక ఇద్దర్నీ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పెంచింది. అన్నదమ్ములకు కలిపి ఒక చిన్న ఫైబర్ పడవ, ఒక ఇంజిన్. స్టెల్లస్ చెయ్యి గాలాల మీద, జెలస్టిన్ చెయ్యి ఇంజిన్ మీద. ఊళ్ళో ఎవరి ఇంజిన్ మొరాయించినా జెలస్టిన్ గుమ్మం ముందుకే తెచ్చేవాళ్ళు. ప్రమాదానికి ముందురోజు సాయంత్రం తమ ఇంజిన్నే విప్పి, కార్బురేటర్ కడిగి, మళ్ళీ బిగించాడు. తెల్లారేసరికి వాడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పడుకోరా అని చెప్పి స్టెల్లస్ ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొస్తూ, హార్బర్ మూతి దగ్గర అలలు విరిగే చోట పడవ తిరగబడింది. మనిషి మర్నాడు దొరికాడు. పడవ, దానికి బిగించిన ఇంజిన్ అంత్యక్రియలయ్యాక దొరికాయి.

ఇక అక్కణ్ణుంచి ఒకటే గోల. ఇంజిన్ ముందు ఆగిందా, అల ముందు కొట్టిందా? రాళ్ళకట్ట మీద గాలం వేసుకుంటున్న ముసలి తోబియాస్, చప్పుడు ఆగాకే పడవ అడ్డం తిరిగిందని, అప్పుడే అల వచ్చి పడిందని ఒట్టేసి చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, అల మింగేదాకా చప్పుడు వినిపిస్తూనే ఉందని అంతే గట్టిగా చెప్పాడు. తోబియాస్‌కి ఒక చెవి వినపడదు. ఆ కుర్రాడు ఐసు కొట్టే మిషన్ పక్కన ఉన్నాడు. వీళ్ళిద్దరూ సాక్షులు.

తేల్చేది ఇంజిన్ ఒక్కటే. తిరుగుతున్న ఇంజిన్ మునిగితే గాలి పీల్చే చోట నీళ్ళు పీలుస్తుంది. గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు, దాంతో లోపలి రాడ్ వంగిపోతుంది. ముందే ఆగిపోయిన ఇంజిన్ మునిగితే రాడ్‌కి ఏమీ కాదు. ఈ సంగతి మా తీరంలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. రాడ్ వంగి ఉంటే స్టెల్లస్‌ని అల చంపింది. నిటారుగా ఉంటే తమ్ముడి చెయ్యి చంపింది.

మా అక్క ఆ మాట పట్టుకుని కూర్చుంది. చిన్నకొడుకుతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, కొట్టలేదు. కంచంలో కర్రపెండలం, చేపల పులుసు పెట్టి గడప దగ్గర ఉంచి లోపలికి వెళ్ళిపోయేది. వాడు తిన్నాడో లేదో చూసేది కాదు. వాడు ముట్టుకునేవాడూ కాదు. జ్వరం తగ్గింది గానీ మనిషి పీక్కుపోయాడు.

సముద్రంలోంచి లాగిన ఇంజిన్‌ని గాలికి వదిలితే పూటలో తుప్పెక్కుతుంది. తుప్పెక్కిన ఇంజిన్‌ని సుత్తితో కొట్టి విప్పాలి. సుత్తి పడ్డాక ఆ వంకర సముద్రం చేసిందా, సుత్తి చేసిందా అని ఎవడు చెప్తాడు? అందుకే నీళ్ళలోంచి తీసిన వెంటనే మంచినీళ్ళ డ్రమ్ములో దించేసి, విప్పేదాకా అందులోనే ఉంచాలి. డ్రమ్ముని పికప్ ఎక్కించి, తాళ్ళతో నాలుగువైపులా కట్టి, హార్బర్లో మెకానిక్ లారెన్స్ షెడ్డుకి బయల్దేరాం. జెలస్టిన్ వెనకాల నిలబడి ఇంజిన్ కాలు కావలించుకుని వచ్చాడు. ప్రతి గుంతకీ నీళ్ళు తొణికి వాడి చొక్కా తడిసిపోయేది. అద్దంలో చూస్తూ ఎద్దుబండి కంటే నెమ్మదిగా తోలాను.

తీరా వెళ్తే షెడ్డుకి తాళం. లారెన్స్ కుటుంబంతో వేళాంకణ్ణి యాత్రకి వెళ్ళాడట, సోమవారం గానీ రాడట. వేరే మెకానిక్కులు లేకపోలేదు. కానీ లారెన్స్ మాటంటే ఊరంతటికీ గురి. ఎవరి మొహమూ చూడడు, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఆ మాటకొస్తే జెలస్టిన్ తనే కాసేపట్లో విప్పి చూడగలడు. ఆ సంగతి నేనే అన్నాను. వాడు నా వైపు చూసి నవ్వాడు.

"నేను విప్పితే ఎవడు నమ్ముతాడు మావా? నన్ను నేనే నమ్మట్లేదు. రాత్రింబవళ్ళు ఆ మర బిగించానా లేదా, బిగించానా లేదా... చేతికి గుర్తుంది, మనసుకి లేదు. లారెన్స్ చెప్పనీ. ఏదైనా సరే, చెప్పనీ."

దాంతో డ్రమ్ముని అలాగే వెనక్కి తెచ్చాం. నిండు డ్రమ్ముని దించడం మనుషుల వల్ల కాదు. దించినా పెట్టే చోటేది? మా ఇళ్ళ ముందున్న వాకిళ్ళని సముద్రం ఎప్పుడో తినేసింది, వానాకాలం అలలు సందుల్లోకే వస్తాయి. ఇంజిన్ నా పికప్‌లోనే ఉండిపోయింది. నా కిరాయిలన్నీ పోయాయి.

అసలు తిప్పలు నీళ్ళతో వచ్చాయి. ఇంజిన్ సందుల్లోంచి ఉప్పు ఊరుతూనే ఉంటుంది, రోజూ నీళ్ళు మార్చాలి. మా ఊళ్ళో మంచినీళ్ళంటే ట్యాంకర్ నీళ్ళే. హారన్ వినపడగానే బిందెలతో పరుగెత్తాలి. బతికున్నవాళ్ళ గొంతు తడవడానికి లేవు గానీ చచ్చినోడి ఇంజిన్‌కి జలకాలా అని ఆడవాళ్ళు మొహం మీదే అన్నారు. తప్పు వాళ్ళదేం కాదు. అయినా నాకు ఒళ్ళు మండి నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పుడు మా అక్క తన బిందె ఎత్తుకొచ్చి, ఎవరివైపూ చూడకుండా డ్రమ్ములో కుమ్మరించింది. వంటకి ఉంచుకున్న నీళ్ళు అవి. ఆడవాళ్ళు నోరు మూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ వెనక్కి వచ్చి తన బిందెలో సగం పోసి వెళ్ళింది. జెలస్టిన్ అవతలి పక్కన నిలబడి ఉన్నాడు. తల్లీ కొడుకుల మధ్య ఆ డ్రమ్మే ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక అక్క వచ్చి పికప్ వెనక అంచు మీద కూర్చుంది. నేను బీడీ పారేశాను. అక్క అడిగింది, రేపేగా లారెన్స్ వచ్చేది అని. అవునన్నాను.

"తమ్ముడూ, రాడ్ వంగకపోతే ఏంట్రా?"

"ఏముంది. తెలుస్తుంది."

"అది కాదు. వీణ్ణేం చేస్తారు?"

ఎవరూ ఏమీ చెయ్యరన్నాను. పోలీసులు రారు, పంచాయితీ పెట్టరు. కానీ ఏ పడవా వాణ్ణి ఎక్కించుకోదు, ఎవరూ వాడి చేతికి ఇంజిన్ ఇవ్వరు. అంతకంటే వాడి సంగతే నాకు భయంగా ఉందని కూడా అన్నాను. మొన్న సాయంత్రం కట్ట చివరి రాయి మీద వాడు నిలబడి ఉంటే, నేను వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఆ సంగతి అక్కకి అప్పుడే తెలిసింది.

"లారెన్స్ ఒక్క అబద్ధం చెప్పడా?"

"చెప్పడక్కా. చెప్పడనేగా అక్కడికి తీసుకెళ్తున్నాం."

ఆమె తలూపింది. ఇంతలో సందు చివర ట్యాంకర్ హారన్ వినపడింది. ఆదివారం పూట రావడం అరుదు, ఊరు ఊరంతా బిందెలతో పరుగెత్తింది. మీరిద్దరూ వెళ్ళిరండి, ఇంజిన్ దగ్గర నేనుంటాను అంది అక్క. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. మనసు కాస్త మెత్తబడింది కాబోలు అనుకున్నాను. జెలస్టిన్‌ని పిలిచి చెరో రెండు బిందెలు పట్టుకుని వెళ్ళాం. అక్కడ తోపులాట. మా వంతు వచ్చేసరికి చొక్కాలు చిరిగినంత పనైంది.

తిరిగొచ్చి చూస్తే డ్రమ్ము ఉంది, నీళ్ళున్నాయి. ఫ్యాను కనిపించలేదు. అక్క కూడా కనిపించలేదు. పికప్ అంచు మీంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఎండలో ఎండిన సిమెంటు రోడ్డు మీద తడి చార ఒకటి సముద్రం వైపు పోయింది.

బుట్ట ఎత్తించే మనిషి దొరకని పొద్దుల్లో అక్క నా పికప్ అంచు మీద బుట్ట పెట్టి, కింద వంగి, తలకెత్తుకునేది. ఎన్ని ఏళ్ళు చూశానో. ఆ ఇంజిన్ బరువు ఆమె బుట్ట బరువు కంటే ఎక్కువేం కాదు. అది నాకు అప్పుడు తట్టింది.

ఆమె రాళ్ళకట్ట మీద కూర్చుని ఉంది. చుట్టకుదురు ఇంకా నెత్తి మీదే ఉంది. చీరంతా తడి, నూనె మరకలు, మోచెయ్యి గీసుకుపోయి రక్తం. కింద వానాకాలపు అలలు రాళ్ళని బాదుతున్నాయి. అక్కడ దిగినవాడు మళ్ళీ పైకి రాడు. జెలస్టిన్ రెండు బిందెలూ చేతుల్లో అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

అక్క వాడి వైపు చూసింది. అన్నని పాతిపెట్టాక మొదటిసారి చూడటం.

"ఇంక ఎవ్వరూ చూడరురా. ఇంటికి రా. అన్నం పెడతాను."

వాడు బిందెలు కింద పెట్టాడు. ఒకటి ఒరిగి నీళ్ళన్నీ రాళ్ళ సందుల్లోకి పోయాయి.

"అయితే నేనే చంపానని తేల్చేసుకున్నావా అమ్మా?"

ఆమె లేచి వాడి మొహం పట్టుకోబోయింది. అది కాదురా, అది కాదురా అంటూనే ఉంది. నాకు నువ్వొక్కడివైనా ఉండాలిరా అంది. వాడు విదిలించుకోలేదు. కొట్టినా బాగుండేది. నిలబడి, ఆమె చేతులు తన మొహం మీద ఉండనిచ్చి, సముద్రం వైపు చూశాడు.

"వంగి ఉండేదేమో కదమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం వాడు అమ్మ పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. మర్నాడు లారెన్స్ ఫోన్ చేశాడు, షెడ్డు తీశాను, తీసుకురండి అని. ఇంజిన్ లేదని చెప్పి పెట్టేశాను. ఊరికి ఇక లారెన్స్‌తో పనేముంది? కన్నతల్లే తీసుకెళ్ళి పారేసిందంటే ఇంక చూసేదేముందన్నారు. ఐసు ఫ్యాక్టరీ కుర్రాడు కూడా, ఏమో, మిషన్ చప్పుడులో నాకే పొరపాటుగా వినపడిందేమో అనడం మొదలుపెట్టాడు. సముద్రం నెమ్మదించాక ఈతగాళ్ళని దింపాను. ఇసుక తప్ప ఏమీ తగల్లేదు.

జెలస్టిన్ ఊళ్ళోనే ఉన్నాడు. చచ్చిపోలేదు, మా అక్క కోరుకున్నది అదే కాబట్టి దక్కింది. వలలు అల్లుకుంటూ గుమ్మంలో కూర్చుంటాడు. అమ్మతో మాట్లాడతాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు. వాడు తిన్నాడా అని అక్క నన్ను మాత్రం రోజూ అడుగుతుంది, పెట్టింది తనే అయినా.

ఊళ్ళో ఇంజిన్ పాడైతే ఇప్పుడు నా పికప్‌లో వేసుకుని హార్బర్‌కి వెళ్తారు. దారి వాడి గుమ్మం ముందు నుంచే. వెనకాల ఇంజిన్ కదులుతోందని వాడికి చప్పుడుతోనే తెలిసిపోతుంది. చెయ్యెత్తి బండి ఆపుతాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పైకెక్కి, ఇంజిన్‌ని నిటారుగా నిలబెట్టి, అడ్డచెక్కకు మరలు బిగించి, తాడు అటొకటి ఇటొకటి వేసి ముడేస్తాడు. ఒకసారి ఊపి చూసి దిగిపోతాడు. ఇంజిన్ గల ఆసామి నా పక్క సీట్లో తలొంచుకుని కూర్చుంటాడు.

మలుపు తిరిగాక, కాస్త ఆపు పనియడిమా అంటాడు. దిగి వెళ్ళి, ఆ మరలు వదులు చేసి మళ్ళీ బిగించుకుంటాడు, ఆ ముడులు విప్పి తన చేత్తో మళ్ళీ వేసుకుంటాడు. మొదటిసారి అలా చేసినవాణ్ణి ఇంజిన్‌తో సహా రోడ్డు మీద దింపేసి వచ్చేశాను. ఇప్పుడు ఆపుతున్నాను, నా ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.