జెల్లీ మీద అడుగుజాడలు

జెల్లీ మీద ఎవరో నడిచారు.

ఆమె మైక్రోస్కోపు సరిచేసి మళ్లీ చూసింది. భ్రమ కాదు. కొండ మట్టిలో దొరికిన నులిపురుగుల్ని జెల్లీ మీద పెంచిన పాత ప్లేటులో, అంచు నుంచి మధ్యదాకా, ఏవో కాళ్లకంటి రాలిన బాక్టీరియా చుక్కలు వంకరటింకరగా బారు తీరి ఉన్నాయి.

నల్లి! మంచాల్లో దూరేది కాదు, కంటికి ఆనని రకం. అది ప్లేటు నుంచి ప్లేటుకి పాకుతూ పురుగుల గుడ్లు మోసుకుపోగలదు. దీని కింద అరలోనే సముద్రతీరపు పురుగుల ప్లేటు ఉండేది.

కొండ పురుగుల జన్యువులూ తీరం పురుగుల జన్యువులూ ఒకటేనని ఆమె కనిపెట్టింది. ఆ వ్యాసం రేపు పత్రికకి వెళ్తుంది. వెళ్తేనే ఈ ల్యాబులో ఆమె ఉద్యోగం మరో ఏడాది నిలుస్తుంది. తీరా తను చూసినవి కొండ పురుగులే కాకపోతే?

సెలవురోజు. ల్యాబులో దీపాలు కూడా ఆమె కదిలితేనే వెలుగుతున్నాయి.

తేల్చుకునే దారి ఒకటుంది. కొండ నుంచి తెచ్చిన కొత్తలోనే కొన్ని పురుగుల్ని గడ్డకట్టించి ఫ్రీజర్లో దాచింది. ఆ ట్యూబు తీసి కరిగించింది. కాసేపటికి ఒక పురుగు తోక ఆడించింది.

ఫోన్ మోగింది. అక్క.

"ఏంటే, సెలవు పూట కూడా పురుగులేనా? మాట్లాడ్డానికి మనుషులే దొరకలేదా?"

"వీటికీ ఎవరూ అక్కర్లేదక్కా. జోడీ లేకుండానే పిల్లల్ని కంటాయి."

"అదృష్టవంతులు! అత్తగారి పోరుండదు." అక్క నవ్వి ఆగింది. "గొంతేంటే అలా ఉంది?"

"జలుబు."

సాయంత్రానికి పరీక్ష పూర్తయింది. ఫ్రీజర్లోని కొండ పురుగుల డీఎన్ఏ గీతలూ తీరం పురుగుల గీతలూ పక్కపక్కనే వెలిగాయి. సరిపోలలేదు. ఇన్నాళ్లూ కొండవనుకుని ఆమె చూసినవి తీరం పురుగులే.

ల్యాబు పెద్ద అయిన మేడమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఆ అడుగుజాడలు ఇంకెవరు చూశారు?" అడిగింది మేడమ్.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

"పాత ప్లేట్లు ఎలాగూ పారేసేవే కదా..."

చెత్తడబ్బా ఆమె కాలి పక్కనే ఉంది. మూత తెరిచే ఉంది.

"ఫోటోలు మీకు పంపేశాను మేడమ్. డీఎన్ఏ గీతల ఫోటో కూడా. వ్యాసం ఆపండి."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ల్యాబులో దీపాలు ఆరిపోయాయి. వాటిని వెలిగించడానికి ఆమె లేవలేదు. చీకట్లోనే ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అక్కా... జలుబు కాదే."