నాన్న ప్రేమకి మూడువందల పన్నెండు రుజువులు

లిఫ్టు మెకానిక్‌కి కావాల్సింది ఒక్కటే. ఎనిమిదేళ్ళ కూతురు తన దగ్గరే ఉండాలి. ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. విడాకులయ్యాయి, గిన్నెలూ మంచాలూ పంచుకున్నారు. పిట్టని చెరిసగం చెయ్యడం కుదర్లేదు కాబట్టి మొగుడూ పెళ్ళాం మళ్ళీ కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా పిల్ల ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర.

"ప్రేమ ఉంటే చాలదయ్యా, రుజువుండాలి," అన్నాడు మెకానిక్ లాయరు. "నువ్వు దగ్గర కూర్చుని అన్నం పెట్టావనుకో, ఎవరు చూశారు? ఫొటో తియ్యి."

చెప్పిందే తడవు ఫోను నిలబెట్టడానికి మూడుకాళ్ళ స్టాండు కొనుక్కొచ్చాడు మహానుభావుడు. ఇహ చూస్కోండి ఆ ఇంట్లో తమాషా! పిల్ల పళ్ళు తోముకుంటే ఫొటో. బూట్లు తొడిగితే ఫొటో. లెక్కలు చెబుతూ ఫొటో, చెప్పేవాడికే ఆ లెక్కలు రావు, అది వేరే సంగతి. చెంచా పిల్ల నోటిదాకా తెచ్చి, "ఉండమ్మా, వెలుతురు చాల్లేదు," అని చెయ్యి అక్కడే ఆపేవాడు. పిట్ట నోరు తెరుచుకుని బుద్ధిగా కూర్చునేది. అంతా అయ్యాక ఆ పసిది చల్లారిన కూడు తినేది.

అవతల తల్లి మాత్రం తక్కువ తిందా? బ్యాంకులో పనిచేసే మనిషి, లెక్క పక్కాగా ఉండాలి. ఆవిడ ఏకంగా వీడియోలే తీసింది. ఆశ్చర్యమేముంది, ఇద్దరి లాయర్లూ కోర్టు క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర టీ తాగేవారు.

ఆర్నెల్లు గడిచాక వాయిదా వచ్చింది. జడ్జీగారు రిటైరవడానికి దగ్గరపడ్డ పెద్దావిడ. మెకానిక్ ఇచ్చిన ఆల్బమ్ ఒక్కో పేజీ తిప్పుతూ చూసింది. మొత్తం మూడువందల పన్నెండు ఫొటోలు.

"బాగా తీశారండీ. నా పెళ్ళి ఫొటోలు కూడా ఇంత బాగా రాలేదు," అంది.

లాయరు కోటు సర్దుకున్నాడు.

"అన్నిట్లోనూ పాప కెమెరా వైపే చూస్తోంది. నాన్న వైపు చూసింది ఒక్కటైనా ఉందా?"

లాయరు వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. ఉంటే కదా దొరకడానికి! తల్లి ముసిముసిగా నవ్వుకుంది.

"మీరు నవ్వకండమ్మా," అంది జడ్జీగారు. "మీ వీడియోలో పాప, 'అమ్మా, మళ్ళీ మొదట్నించీ చెప్పనా?' అని అడుగుతోంది. అది కత్తిరించడం మర్చిపోయినట్టున్నారు."

దొందూ దొందే అని తేలిపోయింది. మూడు నెలలు ఇప్పటిలాగే వారం వారం ఉంచండి, ఫొటో వీడియో ఏదీ తీసుకోను, ఆ తర్వాత పాపతో నేనే మాట్లాడి తీర్పు చెబుతాను అంది జడ్జీగారు. "మరి మన దగ్గర ఆధారమేం ఉంటుంది?" అని లాయరు బయటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

ఆ సోమవారం పిట్ట నాన్న ఇంటికొచ్చింది. సంచీ దింపి నిలబడింది.

"ఇవాళ ఏం చెయ్యాలి నాన్నా?"

"ఏం చెయ్యక్కర్లేదమ్మా."

పిల్ల నమ్మలేదు. గౌను సర్దుకుని సోఫా అంచున కూర్చుంది. మెకానిక్‌కీ ఏం మాట్లాడాలో పాలుపోలేదు. పన్నెండో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టునైనా కిందకి దింపగలడు గానీ, కూతురితో ఊరికే కూర్చోవడం అతనికి చేతకాలేదు. చివరికి దువ్వెన తీసుకుని జుట్టు చిక్కు తియ్యబోయాడు. ఎక్కడో చిక్కు గట్టిగా పట్టింది.

"లాగకు నాన్నా!" అని పిట్ట దువ్వెన లాక్కుని గోడకేసి కొట్టింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఆర్నెల్లలో ఆ ఇంట్లో ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. మెకానిక్ బిత్తరపోయాడు.

"ఇన్నాళ్ళూ దువ్వాను కదమ్మా, ఎప్పుడూ నొప్పనలేదే?"

"నొప్పి పుట్టింది," అంది పిట్ట ముక్కు ఎగబీలుస్తూ. "ఫొటోలో ఏడుపు మొహం ఉంటే నన్ను తీసుకుపోతారన్నావుగా."

మెకానిక్‌కి తన మీద తనకే అసహ్యమేసింది. పిల్ల ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"ఏడువు తల్లీ," అన్నాడు. "నీకు ఎంతసేపు ఏడవాలనుంటే అంతసేపు ఏడువు."