ఇస్నాపూర్‌లో జలప్రళయం

మా ఇస్నాపూర్‌లో చెరువు నిండితేనే జనం వింతగా పోయి చూసేవాళ్లు. అలాంటి ఊళ్లో, డెబ్బైలలో, మా ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రం లోకమంతా మునిగిపోయేది. ముంచేది ఇద్దరు. ఒకరు మా నాన్న దేవదానం, బడిపంతులు, చర్చిలో సంఘపెద్ద. రెండో ఆయన మా ఇంట్లో కిరాయికుండే చలపతిరావు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టరు, దివిసీమ మనిషి.

"మా బైబిల్ల నోవహు ఓడ కట్టినంకనే గదా మీ చేప కథ పుట్టింది!" అనేవాడు నాన్న.

"అబ్బే, మా చేపే ముందండీ మాస్టారూ! మనువు పడవని కొమ్ముకి కట్టుకుని లాక్కెళ్లింది. మీ ఓడని లాగే దిక్కేదీ?"

"దేవుడే నడిపిండయ్యా! మా ఓడల జంతువులన్ని జతలు జతలుగ ఉండె. మీ పడవల ఏమున్నయి? విత్తనాలు, ఋషులు!"

బాబిలోను వాళ్లకీ ఇలాంటి కథే ఉందని, అది నోవహు కథ కన్నా పాతదని నాన్నే ఎక్కడో చదివి నోరు జారాడు. ఇక చలపతిరావు సంబరం చూడాలి! ఆ పూట నాన్న అన్నం కూడా తినకుండా అలిగాడు. మా నాన్న అలక మామూలుది కాదు లెండి.

చలపతిరావు వాళ్లమ్మ లక్ష్మీనరసమ్మ గారు ఒక వేసవంతా వచ్చి ఉన్నారు. "ఆ రెండు పడవల్లోనూ వంటెవరు చేశారో చెప్పండి ముందు," అని ఇద్దరి నోళ్లూ మూయించారు. నాకు రోజూ జడ వేసేవారు. అంత మెత్తని చేతులు మళ్లీ నా తలమీద పడలేదు.

డెబ్బై ఏడు నవంబరులో దివిసీమ మీద ఉప్పెన పడింది. రేడియోలో వినగానే చలపతిరావు కట్టుబట్టలతో పరుగెత్తాడు. అక్కడున్న లక్ష్మీనరసమ్మ గారు బతికుంటే చాలని ఇంటిల్లిపాదీ మోకరించాం. ఆయన గుండు చేయించుకుని తిరిగొచ్చాడు.

"అమ్మ శవం కూడా దొరకలేదు మాస్టారూ," అన్నాడు. "నోవహుకి దేవుడు చెప్పాడు. మనువుకి చేప చెప్పింది. మా అమ్మకెవరూ చెప్పలేదండీ."

నాన్న ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

మా చర్చిలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించరు. మొగుడు పోయిన మార్తమ్మ బతిమాలితే, "గది మన దాంట్ల లేదు," అని కసిరింది కూడా మా నాన్నే. ఆ ఆదివారం ఆయనే లేచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, లక్ష్మీనరసమ్మకు ఎవ్వలు చెప్పలే. ఆమెను జెర నువ్వే చూస్కో."

చర్చిలో జనం కళ్లు తెరిచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరూ నాన్నను ఒంటరిని చేస్తారేమోనని నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి మార్తమ్మ గొంతు గట్టిగా వినిపించింది.

"ఆమేన్!"