చీమలు ముట్టని జామపండు

వనపర్తిలో రైతుల శిక్షణకు పోయి వస్తూ రాజు పలుచటి కవర్లు కొన్ని తెచ్చాడు. వాటి లోపలి వైపు దాల్చినచెక్క నూనె పూశారట. పండ్లు అందులో పెడితే తొందరగా బూజు పట్టదట. అమరచింత పక్కనున్న తమ తోటలో కోసిన జామపండ్లు వాటిలో పెడితే, వారం దాటినా నిన్న కోసినట్టే ఉన్నాయి.

రాజు తల్లి అమృతమ్మ సంబరపడింది. రోజూ పొద్దున ఒక పండు రెండు చెక్కలుగా కోసి, ఇత్తడి పళ్ళెంలో దేవుని ముందు పీట మీద పెట్టేది. దండం పెట్టుకున్నాక అవి కోడలికే. యమునకు ఆరో నెల.

ఒక రోజు యమున ప్రసాదం తీసుకోవడం మరిచిపోయింది. సాయంత్రం దీపం పెట్టబోతూ అమృతమ్మ పళ్ళెం చూసి ఆగిపోయింది. పొద్దున కోసి పెట్టిన తియ్యని పండు. ఒక్క చీమ లేదు.

"చీమ గూడ ముట్టనిది మనిషి తినొచ్చా రాజు?" అని కొడుకును అడిగింది.

"మందు బూజుకమ్మా, మనకు గాదు."

"బూజును చంపేది కడుపుల పిండాన్ని ఊకె వదుల్తదా?"

"పాలు కాస్తవు గద. గది గూడ క్రిములను చంపుడే. జర నిమ్మళంగుండు."

నిమ్మళం ఎక్కడిది? కోడలు కడుపు మీద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా అమృతమ్మ నొప్పేమోనని ఆమె ముఖం చూసింది. తండ్రీ, నీకు పెట్టే ముందు నేనెందుకు ఆలోచించలేదు, నువ్వైనా ఎందుకు చెప్పలేదు అని దేవుడినే అడిగింది.

తెల్లారి ఆమె చెట్టు నుంచి అప్పుడే తెంపిన పండు ఒకటి కోసి, కవరులోని పండు పక్కనే అదే పళ్ళెంలో పెట్టింది. చూస్తూ కూర్చుంది. గోడ వెంబడి చీమల బారు దిగింది. పీట దాకా వచ్చింది. అక్కడ ఆగి, తడబడి, వెనక్కి మళ్ళింది. చెట్టు పండునూ ముట్టలేదు.

వంగి చూసింది. పీట చుట్టూ తెల్లటి గీత. పళ్ళెం అంచు మీద కూడా. దేవునికి పెట్టిన బెల్లానికి చీమలు పడుతున్నాయని శుక్రవారం తానే చీమల మందు చాక్‌పీసుతో గీసింది. పొడి రాలి పళ్ళెంలో పడి ఉంది.

గబగబా వంటింట్లోకి పోయింది.

"యమునా, పళ్ళెంల పండు కడుక్కొని తింటున్నవా?"

యమున నవ్వింది. "ప్రసాదం ఎవరన్న కడుగుతరా అత్తమ్మా?"

అమృతమ్మ బయటికి ఉరికింది. "రాజు, ఆటో పిలువు" అని కేకేసింది.

ఆత్మకూరు దవాఖానలో అమృతమ్మ సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ యమున కడుపు మీద యంత్రం పెట్టి విన్నది.

"బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటుంది. వాంతులు గిట్ల అయితే వెంటనే తీసుకొని రండి. తినేటివాటి దగ్గర ఆ చాక్‌పీసు పెట్టకండి."

"మరి కవరు మందు?"

"పండు కడిగి పెట్టండి, చాలు."

ఇంటికి వచ్చి అమృతమ్మ పీటను, పళ్ళాన్ని రుద్ది రుద్ది కడిగింది. మరునాడు కవరులోని పండు కడిగి, కోసి, దేవుని ముందు పెట్టింది. దండం పెట్టింది గానీ కళ్ళు మూయలేదు. గోడనే చూస్తూ నిలబడింది. బారు దిగింది, పీట ఎక్కింది. ఒక చీమ పండు మీదికి పాకింది.

ఆ చెక్కను చీమలకే వదిలి, రెండోది తీసి మళ్ళీ ఒకసారి కడిగింది. అప్పుడు కోడలిని పిలిచింది.