ఇన్నాసమ్మ దొడ్లో జోజప్ప

మదర్ బెనీతగారు నా ముందు నడుస్తున్నారు, ఆవిడ పోయి ఏడాది దాటిందన్న సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు, అయినా ఇద్దరం ఆ మాట ఎత్తకుండా మా తల్లిమఠం వరండాలో ఉదయం జపానికి వెళ్తున్నట్టే వెళ్తున్నాం, కానీ వరండా ఎంతకీ తరగడం లేదు, కిటికీల్లోంచి మా సపోటా తోట కనిపించాల్సిన చోట ఎర్రమట్టి కుప్పలు కనిపిస్తున్నాయి, ఎవరో పునాదులు తవ్వి పోసినట్టు. ఆవిడ తెల్ల అంగీ అంచుకీ అదే మట్టి అంటుకొని ఉంది. పరలోకంలో ఉన్న మనిషికి గొల్లమిట్ట మట్టి ఎలా అంటిందా అని నాకు అప్పుడే అనుమానం వస్తుంది.

నాకు అనుమానం రావడం కొత్తేమీ కాదు. ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తేగాని నమ్మనన్న శిష్యుడి పేరు నాకు పెట్టి, తోటి సిస్టర్లు వెనకాల నన్ను తోమాసు అని పిలుచుకుంటారు. ముందు పిలిచినా నేనేమీ అనుకోను. వంటింట్లో పాలు పొంగితే అందరూ గుడ్డ కోసం పరిగెత్తుతారు, నేను మాత్రం పొయ్యి దగ్గర ఎవరున్నారని అడుగుతాను.

"మదర్ గారూ, ఒక్కమాట అడగాలి," అంటాను.

ఆవిడ వెనక్కి తిరగరు. బతికుండగా కూడా అంతే, ఇష్టంలేని ప్రశ్న వస్తే నడక పెంచేవారు. నేనూ నడక పెంచుతాను, ఎందుకంటే మెలకువ వస్తే మళ్లీ దొరకరని నాకు తెలుసు, రేపు పొద్దున్నే గొల్లమిట్టలో మా బిషప్పు మేత్రాణులవారు మూలరాయి వేస్తారనీ, ఆ రాయి పడిన తర్వాత ఇక అడిగినా లాభం లేదనీ కూడా తెలుసు.

గొల్లమిట్టలో రోడ్డు పక్కన ఇన్నాసమ్మ అనే ముసలావిడకు ఒక ఇల్లూ, ఇంటి వెనక పెద్ద దొడ్డీ ఉన్నాయి. అక్కడ చిన్న మఠం, దాన్ని ఆనుకొని పురుళ్ల ఆసుపత్రి కట్టాలని మదర్‌గారికి ఎన్నో ఏళ్ల కోరిక. నొప్పులు పడుతున్న మనిషిని జీపులో వేసుకొని ఘాటు రోడ్డు దిగేలోపల ఏమవుతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. మదర్‌గారు ఎన్నిసార్లు అడిగినా ఇన్నాసమ్మ ఇవ్వనంది. మా కన్యాస్త్రీల సభలో ఒక అలవాటు ఉంది, ఏదైనా స్థలం మఠానికి బాగుంటుందని మనసుకు తోస్తే మరియమ్మ పెనిమిటి జోజప్ప పతకం ఒకటి ఎవరి కంటా పడకుండా ఆ నేలలో పాతిపెట్టి, ఆ నేల మా చేతికి వచ్చేదాకా నవదిన ప్రార్థన మీద నవదిన ప్రార్థన చేస్తాం. మరియమ్మకూ బాలయేసుకూ ఇల్లు చూసిపెట్టిన పెద్దాయన మాకు మాత్రం చూసిపెట్టడా అని మా ధైర్యం. మా మఠాలు చాలామటుకు అలా వచ్చినవేనని పెద్ద సిస్టర్లు చెప్తారు, నేను వింటాను.

మదర్‌గారు పోయిన తర్వాత, పసుపు తవ్వుకుంటుంటే ఇన్నాసమ్మకు పతకం దొరికింది. జోజప్పే వచ్చి నా దొడ్డి అడిగాడని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. ఆ ఊరి గుడి చూసే విచారణ గురువులు ఆదివారం పూజలో పీఠం ముందు నిలబడి అదే మాట చెప్పారు, పక్క ఊళ్లవాళ్లు వచ్చి ఆ మట్టి కొంగుల్లో కట్టుకుపోయారు, ఇన్నాసమ్మ ఇల్లూ దొడ్డీ మఠానికి రాసి ఇచ్చేసింది. ఆ పతకం నేను చేతిలోకి తీసుకొని చూశాను. అది మా తల్లిమఠంలో పోత పోయించినది, బయట ఎక్కడా దొరకదు. అంటే ఒక ముసలి ప్రాణాన్ని మాయచేసి దాని మీద మూలరాయి వేయబోతున్నాం, ఆ మఠానికి పెద్ద సిస్టర్‌గా వెళ్లేది నేను. నిజం చెప్తే ఇన్నాసమ్మ నేల వెనక్కి తీసుకోవచ్చు, ఆసుపత్రి పోతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లో నేను ఏ ముఖం పెట్టుకొని జపమాల పట్టుకోను?

"మదర్ గారూ, ఎంత లోతున పాతారు?"

"ఆకలవుతోందటే జెసింతా?" అంటారు ఆవిడ.

ఆసుపత్రి మంచం మీద కూడా ఇలాగే చేశారు. జ్వరం మనిషిని చూడ్డానికని గొల్లమిట్ట వెళ్లి గోళ్లలో మట్టితో ఎందుకొచ్చారో అప్పట్నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది, చివరి రోజుల్లో ధైర్యం చేసి అడిగితే మజ్జిగ కావాలన్నారు, నేను మజ్జిగ తెచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకున్నారు, ఇంక మాట్లాడే వీలే రాలేదు. అందుకని ఈసారి ఆవిడ ఏం అడిగినా తేకూడదని గట్టిగా అనుకుంటాను.

వరండా గచ్చు కాళ్ల కింద ఇసుకగా మారుతుంది, ఎండ మండిపోతోంది, దూరంగా మట్టి గదులు, ఒక్కో గది గుమ్మంలో ఒక్కో గడ్డం సన్యాసి, అందరూ వంగి తవ్వుతున్నారు. ఇది మొట్టమొదటి మఠాలు లేచిన ఎడారి అని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుస్తుంది. మదర్‌గారు ఇంటి పక్కవాళ్లని పలకరించినట్టు వాళ్లని పలకరిస్తారు, ఈ చోటు మీకెవరు చూపించారని అడుగుతారు, దేవుడు చూపించాడని వాళ్లు తలెత్తకుండానే చెప్తారు. ఇసుక దిబ్బ ఎక్కి దిగితే చలి, మంచు, కొండ మీద రాతిగోడలు కడుతున్న నల్ల అంగీల సన్యాసులు, వాళ్లదీ అదే జవాబు. కొండ దిగితే బురద నేల, అక్కడ మోకాలి లోతు నీళ్లలో కాలవలు తీస్తూ మరికొందరు, వాళ్ల చుట్టూ కప్పలు లతీనులో జపం చదువుతుంటాయి, ఉచ్చారణ మఠంలో కొత్తగా చేరిన మా నవకన్యల కంటే నయంగానే ఉంది. బురద దాటితే పల్నాడు, తాటాకుల గుడిసె ఒకటి, దాని ముందు వెదురు సిలువ, తలపాగా చుట్టుకున్న దొరగురువు ఒకాయన చెమటలు కక్కుతూ గుంజ పాతుతున్నాడు, ఈ చోటు దేవుడు చూపించాడని ఆయన వచ్చీరాని తెలుగులో చెప్తాడు.

నా కన్ను మాత్రం వాళ్ల మీద లేదు. ప్రతిచోటా, తవ్వేవాళ్లకు కాస్త ఎడంగా, నెత్తిన మూట పెట్టుకొని ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఎడారిలో ఒక ముసలాయన, కొండ మీద గొర్రెలు కాచే మనిషి, బురదలో వలతో ఒక ఆడమనిషి, పల్నాడులో ఒక కుటుంబం మొత్తం. ఎవరి ముఖమూ సరిగ్గా కనిపించదు.

"చూశారా," అంటాను నేను, నా గొంతు నాకే కోర్టులో వకీలు గొంతులా వినిపిస్తుంది. "దేవుడు చూపించాడని మీరంతా తవ్వుకుంటూ పోతారు, ముందునుంచీ అక్కడ ఉన్నవాళ్లు మూట కట్టుకొని పోతారు. చరిత్రంతా ఇంతేనా?"

మదర్‌గారు మొదటిసారి ఆగి నా వైపు తిరుగుతారు. ముఖం పడుచుదనంలో ఉన్నట్టుంది, కళ్లు మాత్రం మంచం మీదున్నప్పటివే.

"వాళ్లు పోతున్నారో వస్తున్నారో అడిగావా?"

నేను అడగలేదు. అడుగుదామని చూస్తే పల్నాడూ లేదు, మూటలూ లేవు, మేమిద్దరం గొల్లమిట్టలో ఇన్నాసమ్మ దొడ్లో ఉన్నాం, పసుపు ఆకులు ఇంటి చూరుని దాటి ఎదిగాయి, వాటి మధ్య దారి చేసుకుంటూ పోతుంటే ఆకులు తగిలి అంగీ తడుస్తోంది. ఇది కూడా ఆవిడ తెలివే, మాట తప్పించడానికి ఊళ్లకు ఊళ్లు మార్చేస్తున్నారు అనుకుంటాను. ఒక మడి దగ్గర ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంటారు. నేను నిలబడే ఉంటాను.

"జానెడు లోతు," అంటారు ఆవిడ, మట్టిని అరచేత్తో సర్దుతూ. "పసుపు కొమ్ము ఊరేంత లోతు."

"అంటే ఆమెకు దొరకాలనే పాతారు."

ఆవిడ మట్టి సర్దుతూనే ఉంటారు. నాకు ఏడుపు వస్తుంది, కోపం అంతకంటే ఎక్కువ వస్తుంది. నేను మఠంలో చేరిన రోజు నా జుట్టు కత్తిరించింది ఈ చేతులే, పాము కరిచిన పిల్లకి పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా సేవ చేసింది ఈ చేతులే, ఒంటరి ముసలిదాని దొడ్లో దొంగలా పతకం దాచిందీ ఈ చేతులేనా అని వాటినే చూస్తుంటాను. రేపు మేత్రాణులవారి ముందే లేచి నిజం చెప్పేస్తానంటాను. ఇన్నాసమ్మ కాళ్లు పట్టుకొని, నిన్ను అడిగింది జోజప్ప కాదవ్వా, మేమే అని చెప్తానంటాను. ఆసుపత్రి పోతే పోతుందని కూడా అంటాను, అని నోరు మూసుకుంటాను, ఎందుకంటే ఆ మాట నాకే నచ్చదు.

మదర్‌గారు నవ్వుతారు. చనిపోయినవాళ్లు అలా నవ్వకూడదు, మనం అడిగేదాని జవాబు వాళ్ల దగ్గర ఉందనిపిస్తుంది.

"నేను పాతుతుంటే ఇన్నాసమ్మ నా వెనకే నిలబడి చూస్తా ఉందే. పట్టుబడిపోయా. సిగ్గుతో చేతిలోది అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చా."

"ఏమంది?"

"కోళ్లు కెలుకుతాయి మదరమ్మా, ఇంకాస్త లోతుగా పెట్టు అంది."

నేను నమ్మను. ఇది ఆవిడ నన్ను ఊరడించడానికి అప్పటికప్పుడు అల్లిన కథ, బడిలో ఏడ్చే పిల్లలకు కూడా ఇలాగే చెప్పేవారు, అయినా ఇదంతా కల, కలలో చెప్పే సాక్ష్యం ఎవరి సాక్ష్యం, నాది కాక? ఆ మాటే పైకి అంటాను. ఆవిడ తల ఊపుతారు, నిజమే అన్నట్టు, పసుపు ఆకులు ఆవిడ మీదికి వంగుతాయి, నేను ఆకులు పక్కకి తీస్తుంటాను, తీసినకొద్దీ ఆకులే వస్తుంటాయి, "మదర్ గారూ, మజ్జిగ తెస్తాను, ఉండండి," అంటున్నాను, తేకూడదనుకున్న సంగతి మర్చిపోయి.

ఎవరో తలుపు తట్టారు. కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది, అన్నం తిని నడుం వాల్చినదాన్ని అలాగే నిద్రపోయానన్నమాట. గొల్లమిట్ట నుంచి ఇన్నాసమ్మ వచ్చి బయట కూర్చుందని వంట సిస్టర్ చెప్పింది. చెప్పాల్సిన మాటలన్నీ మనసులో వరసగా పెట్టుకుంటూ, కాళ్లకు చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లాను.

ఆవిడ వరండా మెట్టు మీద కూర్చొని ఉంది. పక్కన పాత చీర ముక్కలో చుట్టిన వస్తువేదో ఉంది. నేను కూర్చోగానే దాన్ని విప్పి నా ఒళ్లో పెట్టింది. తోటలో కలుపు తీసే చిన్న చేతిపార. కర్రపిడి మీద ఎర్రగా కాల్చిన చువ్వతో వేసిన సిలువ గుర్తు ఉంది. మా మఠం పనిముట్లన్నింటికీ ఆ గుర్తు ఉంటుంది.

"మదరమ్మ మా దొడ్లో ఒదిలేసి పోయింది సిస్టరమ్మా. ఆమె ఉన్నప్పుడే తిరిగిస్తే సిగ్గుపడుద్దని ఇయ్యలా."

వరసగా పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. అయితే నీకు ముందునుంచీ తెలుసా అవ్వా అని మాత్రం అడగగలిగాను. తెలియకేం అన్నట్టు చూసింది. ఆమె మరిది కొడుకులు ఆ దొడ్డి మీద కన్నేసి ఎన్నాళ్లుగా కాచుకొని ఉన్నారో, మఠానికి ఇస్తానని ఒక్కసారి నోరు జారితే ఇంటి మీదికి ఎలా వచ్చారో అప్పుడు చెప్పింది, అందుకే మదర్‌గారిని వచ్చినప్పుడల్లా వట్టి చేతులతో పంపించిందట.

"మొగుడు పోయినదాన్ని, నేనిష్టపడి ఇస్తే నన్ను బతకనిస్తారా? జోజప్ప అడిగాడంటే ఒక్కడూ నోరెత్తలా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా బిడ్డ కానుపు కాక ఆ ఘాటు మలుపులోనే పోయింది. ఆ నేల నేనేం జేసుకుంటా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లుగా అందరినీ అనుమానించాను గాని ఈ మనిషికి తెలివి ఉందని మాత్రం అనుమానించలేకపోయాను. ఆవిడ నా ఏడుపు పట్టించుకోలేదు, నా ఒళ్లోని పార వైపు చూస్తూ, చిన్నపాటి చిరాకుతో మరో మాట చెప్పింది.

"ఆమె పైపైన పెట్టిపోయింది. మా కోళ్లు కెలికి బయటేసినయ్. పసుపు తీసేదాకా ఉండాల గదా అని, దీంతోనే నేను మళ్లీ లోతుగా పాతా."

లోపలికి వెళ్లి ఆవిడకు ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఇచ్చాను. రేపు మూలరాయి కింద సున్నం వేయడానికి మేత్రాణులవారి కోసం పళ్లెంలో పెట్టిన వెండి తాపీ తీసేసి, ఈ పార పెట్టమని వంట సిస్టర్‌కి చెప్పాను.