తూనీగన్న చివరి రెండు కాగితాలు

డెబ్బై దాటిన మనిషి మోకాళ్ల గురించో, చక్కెర గురించో దిగులు పడాలి. కనకయ్యకేమో ఆ పొద్దున ఒకటే దిగులు, సినిమా హాలుకు ఆలస్యమవుతుందని. అది కూడా ముసుగు వేసుకుని, రెక్కలు కట్టుకుని ఎగిరే ఇంగ్లిష్ వీరుడి సినిమా. ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మామగారిని చూసి కోడలు రేణుక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏంది మామా, చిన్నపిలగాళ్ల సిన్మాకు ఇంత తయారా?"

"నీకు సమజ్ గాదు తియ్యమ్మా. ఇర్వై నాలుగేండ్ల సంది నాకొక సంగతి తెల్వాలె," అన్నాడు.

ఆ సంగతేమిటో తెలియాలంటే కనకయ్య దుకాణం గురించి చెప్పాలి. ఇప్పుడంటే చిక్కడపల్లి గల్లీలోని ఆ గదిలో కొడుకు జిరాక్స్ మిషన్ పెట్టి, అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలకు గ్రూప్స్ మెటీరియల్ తీసిస్తున్నాడు. ఒకప్పుడు అది కిరాయి పుస్తకాల దుకాణం. పుస్తకం ఇచ్చే ముందొకసారి, తిరిగొచ్చాక ఒకసారి కనకయ్య బొటనవేలితో కాగితాలన్నీ జారవిడిచి చూసేవాడు. దేవుడు దిగొచ్చి పుస్తకం అడిగినా ఆ తనిఖీ తప్పదు. ఇంకో ధర్మం కూడా పెట్టుకున్నాడు. కాగితాలు పోయిన పుస్తకం ఎవరైనా తీసుకుంటే, ఆ పోయినంత మేరా కథ దుకాణదారు నోటితో చెప్పాలి. తెలుగు నవలలన్నీ చదివినవాడు కనుక దానికేం ఇబ్బంది లేకపోయింది. ఇబ్బందల్లా ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలతోనే. ఏబీసీడీలు దాటి ఆయనకు ఇంగ్లిష్ రాదు.

ఆ బొమ్మల పుస్తకాల్లో ఒకటి రెక్కల వీరుడిది. వాడికి ఇంగ్లిష్‌లో ఏదో గొప్ప పేరుంది కానీ చిక్కడపల్లి పిల్లలకు వాడు తూనీగన్న. నాలుగో తరగతి చదివే సంయుక్త ఒక సోమవారం ఆ పుస్తకం తీసుకెళ్లి గురువారం తెచ్చింది. కనకయ్య కాగితాలు జారవిడిచాడు. చివరి రెండూ లేవు. ఇచ్చేటప్పుడు ఉన్నాయి. అంటే చింపింది ఈ పిల్లే. గట్టిగా తిట్టడానికి నోరు తెరిచాడో లేదో, ఆ పిల్లే ముందు అడిగింది.

"అంకుల్, చివరికి ఏమైతది?"

కన్నం వేసిన దొంగే వచ్చి ఏమేం పోయాయని అడిగినట్టుంది. కనకయ్యకు కోపం బదులు ఆశ్చర్యం కలిగింది. పుస్తకం చూశాడు. మిగిలిన ఆఖరి బొమ్మలో ఆస్పత్రి మంచం మీద ఒక ముసలమ్మ, పక్కనే ముసుగు తీసి చేతిలో పట్టుకున్న తూనీగన్న. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, తోచింది చెప్పేశాడు.

"ఏమైతది బిడ్డా, వాళ్లమ్మకు నయమైతది. ఇంటికొస్తది."

పిల్ల ఒక్క పరుగున వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ పుస్తకం తీసుకున్న ప్రతి పిల్లకూ, పిల్లాడికీ కనకయ్య అదే ముగింపు చెప్పాడు. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించింది. కానీ రెండు ప్రశ్నలు మాత్రం ముల్లులా ఉండిపోయాయి. ఆ కాగితాల్లో అసలేముంది? చింపిన పిల్ల, ఏమైందని తననెందుకు అడిగింది?

ఈ 2012 వేసవిలో నారాయణగూడ చౌరస్తాలో తూనీగన్న నిలువెత్తు పోస్టర్ వెలిసింది. రెండో రోజే సంయుక్త వచ్చింది. ఇప్పుడామె నారాయణగూడలోనే ఒక కాలేజీలో లెక్చరర్. తల్లితో కలిసి కనకయ్య దుకాణం పక్క గల్లీలోనే ఉంటుంది.

"అంకుల్, తూనీగన్న కథ చివర మీరే గదా చెప్పింది. ఇద్దరం కలిసి చూద్దం రాండ్రి. తర్వాత మా ఇంట్లనే అన్నం."

కనకయ్యకు తెలుసు, అది అబద్ధం బయటపడే రోజు. అయినా ఆత్రమే గెలిచింది.

క్రాస్ రోడ్స్ దగ్గర హాలంతా హాస్టల్ పిల్లల ఈలలే. తెలుగు డబ్బింగ్‌లో తూనీగన్న అమెరికాలో పుట్టి గుంటూరులో చదువుకున్నట్టు అచ్చతెలుగు దంచుతున్నాడు. కనకయ్య మాత్రం పసివాడైపోయాడు. ఆ రెక్కలు ఎక్కడ మడుస్తాడు? కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తాడు? చొక్కా ఎలా తొడుక్కుంటాడు? ఇన్నేళ్లు బొమ్మల్లో చూసి తేల్చుకోలేనివన్నీ కళ్లముందు తేలిపోతుంటే, "అరె, గిట్లనా!" అని పైకే అనేశాడు. ముందు వరుస కుర్రాడొకడు వెనక్కి తిరిగి, "జర సప్పుడు జెయ్యకు తాతా," అన్నాడు.

చివరికి ఆ మంచం వచ్చింది. ముసలమ్మ, ముసుగు చేతిలో పట్టుకున్న కొడుకు. ఇంతవరకూ కనకయ్యకు తెలుసు, ఇక మీదట తెలియదు. ఆ తల్లి ఏదో చెప్పబోయింది. అదేమిటో వినాలని ముందుకు వంగిన కనకయ్య, ఎందుకో పక్కకు చూశాడు. సంయుక్త గట్టిగా కళ్లు మూసుకుని ఉంది. ఇంకా ఏమీ జరగలేదు. జరగబోయేది తెలిసినవాళ్లే కదా ముందుగా కళ్లు మూసుకునేది.

తర్వాత తల్లి చెయ్యి కొడుకు చేతిలోంచి జారిపోయింది. ఇన్నేళ్ల మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది కానీ కనకయ్యకు సంతోషం కలగలేదు. అంతమంది పిల్లలకు అబద్ధం చెప్పానే అని సిగ్గు వేసింది.

బయటికొచ్చి రోడ్డు దాటడానికి నిలబడ్డారు. బస్సులు ఒకటి వెనక ఒకటి పోతున్నాయి.

"కాయితాలు నేనే చింపిన అంకుల్," అంది సంయుక్త.

"ఎర్కే బిడ్డా. చూడకుండ ఎన్నడన్న పుస్తకమిచ్చిన్నా?"

ఆమె నిర్ఘాంతపోయింది. "మరి ఎందుకు తిట్టలేదు?"

"చింపినోళ్లే ఏమైందని అడిగితే ఏమని తిడ్త? గదే నాకు ఇప్పటిదాంక సమజ్ గాలె."

సంయుక్త బస్సుల వైపు చూస్తూనే చెప్పింది. "ఆ వారం మా అమ్మ ఆస్పత్రిల ఉంది. పిల్లలను లోపలికి రానియ్యలేదు. పుస్తకంల వాళ్లమ్మ చచ్చిపోతే మా అమ్మ గూడ చచ్చిపోతదనుకున్న. చింపి మోరీ నీళ్లల్ల ఏసిన."

"మల్ల నన్నెందుకు అడిగినవ్?"

"ఇంట్ల పెద్దోళ్లంతా నన్ను చూడంగనే మాటలు బంద్ చేస్తుండిరి. ఒక్కరన్న నయమైతదని నోటితోని అంటే బాగుండనిపించింది. మీరన్నరు. అబద్ధమని తెలుసు అంకుల్, నేను చదివిన గదా. అయినా ఆ రోజు నిద్ర పట్టింది."

కనకయ్యకు దుఃఖం ముంచుకొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల అంత బరువు మోస్తూ తన బల్ల ముందు నిలబడితే, తాను కాగితాలు లెక్క చూశాడు. కానీ ఆ పూట ఎందుకో నోట మంచి మాటే వచ్చింది. కండువాతో కళ్లు తుడుచుకుని, "నడు బిడ్డా, మీ అమ్మ ఎదురుచూస్తుంటది," అన్నాడు.

తల్లి విద్యావతి నిజంగానే గుమ్మంలో నిలబడి ఉంది. అరవై దాటినా చకచకా కంచాలు పెట్టి, వేడన్నం, దోసకాయ పప్పు వడ్డించింది. ఆ కాగితాల సంగతి ఆమెకు ఈనాటికీ తెలియదు.

"ఎట్లుంది కనకయ్య గారూ సిన్మా? ఈమె చిన్నగున్నప్పుడు ఆ తూనీగన్న అంటే పానం ఇడుస్తుండె. చివరికి ఏమైంది?"

సంయుక్త తలెత్తి చూసింది. కనకయ్య ముద్ద కలపడం ఆపి, ఎదురుగా నిలబడ్డ ఆ తల్లిని నిండుగా చూశాడు.

"ఏమైతదమ్మా, వాళ్లమ్మకు నయమైంది. ఇంటికొచ్చింది."

"గట్లనే ఉండాలె," అంటూ విద్యావతి ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.