ఇల్లుబండిలో బొట్టంత వెలుగు

చిన్న వెలుగు. బొట్టంత.

రేకుల షెడ్డులో, ఇల్లుబండి లోపల, కప్పుకి బిగించిన గాజు బుడ్డిలో — పసుప్పచ్చగా, వణక్కుండా.

పొద్దు గూకే వేళ మణెమ్మ దాని కింద కూచునేది. కళ్లు మూసుకుని కాదు, తెరుచుకునే ప్రార్థన చేసేది. ఆమెన్ అనగానే స్విచ్చి నొక్కేసేది.

ఉంది. ఇంకా ఉంది.

అప్పుడు లేచి వెళ్లి జొన్నసంకటి కెలికేది.

ఇల్లుబండి అన్నది ఆ మోటారుకి ఊళ్లో వాళ్లు పెట్టిన పేరు. మిషను డాక్టరు దొరసాని అందులోనే పల్లెలు తిరిగేది. అందులోనే వండుకుని, అందులోనే పడుకునేది. మడత మంచం, కిరసనాయిలు పొయ్యి, మందుల బీరువా, కిటికీలకు తెల్ల పరదాలు. మాచర్ల నుంచి బెల్లంకొండ దాకా అది పోని డొంక లేదు. తోలేవాడు జక్కయ్య. మణెమ్మ మొగుడు.

యుద్ధం వచ్చింది. పెట్రోలుకి రేషను వచ్చింది. దొరసాని గుంటూరు ఆసుపత్రికి వెళ్లిపోయింది. బండిని శావల్యాపురం దగ్గర మిషను షెడ్డులోకి తోసి, చక్రాలు నేలకి ఆనకుండా కింద నాపరాళ్లు పేర్చారు. జక్కయ్య మిలిటరీ లారీ తోలడానికి వెళ్లాడు. అది నలభై రెండు, ఎండాకాలం.

వెళ్లే ముందు పెళ్లాన్ని షెడ్డులోకి పిలిచి బ్యాటరీ చూపించాడు. నల్లటి పెట్టె, పైన మూడు మూతలు. ఎత్తితే పుట్టెడు బరువేం కాదు గానీ, మెడ మాత్రం రెండ్రోజులు నొప్పి పెడుతుంది.

"బండికేమైనా పర్లేదే, ఇది మాత్రం చావకూడదు. కొత్తది యాడా దొరకదు. తీగ ఊడదీసి ఉంచు. నెలకోసారి వినుకొండ తీసకెళ్లి చార్జి పెట్టించు. లోపల నీళ్లు తగ్గితే వాననీళ్లే పొయ్యి. బాయినీళ్లు పోశావనుకో, పాడైపోద్ది."

బావినీళ్ల సంగతి మణెమ్మకి ఒకరు చెప్పాలా? పల్నాట్లో పుట్టిన ఏ ఆడదైనా ఎసట్లో సున్నం గీకే పెరుగుతుంది.

మిషను వాళ్లు చెప్పింది ఒక్కటే. బండి నడిచేలా ఉంటే జక్కయ్య ఉద్యోగం ఉంటుంది, షెడ్డు పక్కన గదీ ఉంటుంది. నడవకపోతే ఇనుముకింద అమ్మేస్తారు. గది ఖాళీ చెయ్యాలి.

గదిలో ఇద్దరు. మణెమ్మ, అత్త గ్రేసమ్మ. ఆ గది తప్ప ఇద్దరికీ వేరే గూడు లేదు.

మొదటి రెండేళ్లు మణెమ్మ చెప్పింది చెప్పినట్టే చేసింది.

తొలి వాన వదిలేసి, మలి వాన జాడీలో పట్టేది. మూతలు తీసి, గరిటెడు గరిటెడు పోసేది. తీగ తగిలే చోట ఆముదం రాసేది. నెలకోసారి సంతకెళ్లే బండెక్కి, ఒళ్లో గోనెపట్టా పరుచుకుని, దాని మీద బ్యాటరీ పెట్టుకుని తొమ్మిది మైళ్లు. పసిబిడ్డని తీసుకెళ్తున్నావా అని బండి వాళ్లు నవ్వేవారు. పసిబిడ్డయితే కోకకి చిల్లులు పెట్టదు — ఆసిడ్ చుక్క పడ్డ చోటల్లా పెట్టింది.

వినుకొండలో బియ్యం మిల్లు. అక్కడ ఇంజను తిప్పే చెన్నకేశవులు డైనమోకి తగిలించి, మర్నాడు ఇచ్చేవాడు. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ ఒక గాజు గొట్టం లోపల ముంచి చూసేవాడు. గొట్టంలో చిన్న పుల్లలాంటిది తేలుతుంది. పైకి తేలితే ప్రాణం ఉన్నట్టు. మునిగితే లేనట్టు.

"నిక్షేపంలా ఉంది. పో అమ్మాయ్."

నిక్షేపంలా ఉంది. ఆ మాటని దారంతా నములుకుంటూ వచ్చేది.

తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆఖరుది వానాకాలంలో వచ్చింది. అస్సాం వైపు ఎక్కడో. సగం వాక్యాలు మిలిటరీ వాళ్లు నల్లసిరాతో కొట్టేశారు. మిగిలిన సగంలో — అమ్మకి ఆకువక్క తగ్గించమను, బ్యాటరీ జాగ్రత్త.

వాన వెళ్లింది. మిరపతోటలు పండాయి. ఉత్తరం రాలేదు. పోస్టు జవాను సైకిలు గంట కొట్టకుండానే గది దాటి పోయేవాడు.

ఒక సాయంత్రం మణెమ్మ షెడ్డులోకి వెళ్లి, ఊడదీసిన తీగ మళ్లీ తగిలించి, స్విచ్చి నొక్కింది. ఊరికే. ఉందో లేదో చూద్దామని.

వెలిగింది.

ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

అదీ ఆమె చేసిన తప్పు. మర్నాడూ చూసింది. ఆ మర్నాడూ చూసింది. మొదట అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు. తర్వాత ఒక చిన్న ప్రార్థన అంత. తర్వాత ఒక అధ్యాయం అంత. కొన్ని రోజులు ఏడుపు అంత — ఏడుపుకి అంకెలు ఉండవు కదా.

కొన్ని రోజులు తీగ తీయడం కూడా మర్చిపోయేది.

ఆమె మనసులో లెక్క చాలా తేలిక. దీపం వెలిగితే బ్యాటరీ ఉంది. బ్యాటరీ ఉంటే ఆయన ఉన్నాడు. ఇది వెర్రి అని ఆమెకి తెలుసు. తెలిసీ రోజూ వెళ్లేది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తకి అసలే చెప్పలేదు.

నలభై అయిదు ఫిబ్రవరి. సంత బండి. వినుకొండ.

గొట్టంలో పుల్ల మునిగింది.

చెన్నకేశవులు మళ్లీ ముంచాడు. మళ్లీ మునిగింది. ఆయన మణెమ్మ మొహం చూశాడు, బ్యాటరీ చూశాడు.

"పోయిన నెలా ఇంతే. అంతకుముందు నెలా ఇంతే. పని చెయ్యనిది ఇంత అలిసిపోదమ్మాయ్. దీన్ని ఎవరో వాడతన్నారు."

"ఎవురూ ముట్టుకోరన్నా."

అబద్ధం. గుడికెళ్లే మనిషి. చెవులు కాలినట్టయింది.

"షెడ్డు తాళం ఎవరి దగ్గరుంది?"

మణెమ్మ కొంగుకి కట్టిన తాళంచెవిని గుప్పిట్లో మూసింది. ఆయనకి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"వెలిగించి చూస్తన్నావా?"

"... ఉందో లేదోనని."

చెన్నకేశవులు తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతులు గుడ్డతో తుడుచుకుని నెమ్మదిగా చెప్పాడు.

"మొలకొచ్చిందా అని రోజూ విత్తనం తవ్వి చూస్తామా? చూసినప్పుడల్లా దీంట్లో కాసింత పోద్ది. ఇంకోటి చెప్తా విను. క్రూడాయిలు రావట్లా. ఎల్లుండి నుంచి ఇంజను ఆపుతన్నాం. మళ్లీ ఎప్పుడో నాకే తెలవదు. ఇదే ఆఖరి చార్జి. చూడకపోతే రెణ్నెల్లు నిలబడిద్ది. చూస్తే రెండు వారాలు. నీ ఇష్టం."

చూడకుండా నమ్మమని ఏటా ఈస్టరు తర్వాత పాస్టరు గారు గంటసేపు చెబుతారు. ఆ గంటసేపూ మణెమ్మ కునుకు తీసేది. మిల్లు ఇంజను దగ్గర నిలబడి చెన్నకేశవులు ఒక్క ముక్క అంటే మాత్రం నిద్ర వదిలింది.

ఇంటికి వచ్చేసరికి మిషను నుంచి కార్డు వచ్చి ఉంది. ఈస్టరు తెల్లారి సోమవారం యోహాను గారు వస్తున్నారు, బండి తనిఖీకి. పెట్రోలు తెస్తారు. నడుస్తుందో లేదో చూస్తారు.

ఆ వారమే భస్మ బుధవారం. ఈస్టరు ముందరి నలభై శ్రమదినాలు మొదలు. పేటలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మానుకుంటారు. ఒకరు చుట్ట, ఒకరు కల్లు, ఒకరు నీచు. గ్రేసమ్మ ఆకువక్క మానుకుంది. ఆదివారాలు లెక్కలోకి రావని, వారం వారం మాత్రం నిండా దవడ నింపుకునేది.

మణెమ్మ ఏం మానుకుందో ఎవరికీ చెప్పలేదు.

తీగ ఊడదీసింది. ఆముదం రాసింది. షెడ్డుకి తాళం వేసింది.

మొదటి సాయంత్రం — కాళ్లు వాటంతటవే షెడ్డు వైపు నడిచాయి. సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చింది.

మూడో సాయంత్రం — తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో వేసింది.

మొదటి ఆదివారం — గ్రేసమ్మ ఆకులకి సున్నం రాసుకుంటుంటే చూస్తూ, ఆదివారం లెక్కలోకి రాదు కదా అనుకుంది. కానీ బ్యాటరీకి ఆదివారం తెలియదు.

ఎండ ముదిరింది. వడగాలి. వేప పూత రాలి షెడ్డు రేకుల మీద పడుతోంది.

ఒక్కోసారి ఆమెకి ఒట్టి కోపం వచ్చేది. యుద్ధం మీద. పెట్రోలు మీద. బ్యాటరీ జాగ్రత్త అని రాసి, నేను బాగున్నాను అని రాయని మొగుడి మీద. రాశాడేమో. ఆ వాక్యమే కొట్టేశారేమో. ఎవరిని అడగాలి?

నాలుగో వారంలో గ్రేసమ్మ అన్నం మానేసింది.

ఒక పూట కాదు. రెండ్రోజులు. కంచం ముందు పెడితే తోసేసేది. గోడకి తిరిగి పడుకునేది. వచ్చిన ఆదివారం ఆకువక్క కూడా ముట్టలేదు. అప్పుడు మణెమ్మకి భయం వేసింది.

"అత్తా, ఏందిది? ఒంట్లో బాలేదా?"

గ్రేసమ్మ గోడ వైపే చూస్తూ అన్నది —

"ఏమే, మిలిటరీ తంతి ఎప్పుడొచ్చిందే?"

"తంతేంది?"

"నాకాడ దాచబాకు. నేను కన్నతల్లిని. ఏడుపేదో నన్నూ ఏడవనియ్యి."

"ఏ తంతీ రాలా అత్తా! దేవుని తోడు!"

"మరి బండిలో దీపం ఎందుకు మానేశావే?"

మణెమ్మ అక్కడే చతికిలబడింది.

ముసలమ్మ లేచి కూచుంది. ఆ దీపం రేకుల సందులోంచి కనపడేదంట. బొట్టంత. రోజూ పొద్దు గూకగానే గుమ్మంలో కూచుని ఆ సందు వైపు చూసేదంట. అది వెలిగాక — కోడలు ఏడ్చుకుని వచ్చి సంకటి కెలికితే — తనూ తినేదంట. మూణ్నెల్లపాటు.

"నీకు తెలిసే ఉంటదిలే, వాడు బాగున్నాడు గాబట్టే వెలిగిస్తందిలే అనుకున్నా. ఆపేశావు. ఇయ్యాల వెలిగిద్దిలే, రేపు వెలిగిద్దిలే అని మూడు వారాలు చూశా. ఇంకేమనుకోవాలే నేను?"

ఒకే దీపం కింద ఇద్దరు ఆడవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఇన్నాళ్లు కూచున్నారు. మణెమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఏడుపొచ్చింది. అత్త కాళ్లు పట్టుకుని అన్నీ చెప్పింది — మిల్లు, మునిగిన పుల్ల, ఆఖరి చార్జి, సోమవారం తనిఖీ.

గ్రేసమ్మ అంతా విన్నది.

"ఒక్కసారి చూపించవే. ఒక్కసారే. ఊపిరి పీల్చినంత సేపు."

మణెమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

షెడ్డు తెరిచింది. లోపల వేడి గాలి, పాత తోలు వాసన, ఆముదం వాసన. అత్తని పట్టుకుని బండి దగ్గరకి నడిపించింది. తీగ చేతిలోకి తీసుకుంది. తగిలిస్తే చాలు. అన్నం మానేసిన ముసలి ప్రాణం ఒకవైపు. ఇద్దరి తల మీద కప్పు ఒకవైపు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తీగ వదిలేసింది.

అత్త చెయ్యి తీసుకుని బ్యాటరీ పెట్టె మీద ఆనించింది.

"చల్లగా ఉందే," అన్నది గ్రేసమ్మ, బెదిరిపోయి.

"చల్లగానే ఉండాలంట అత్తా. వేడెక్కితేనే భయమంట."

గ్రేసమ్మ చాలాసేపు చెయ్యి తీయలేదు. బిడ్డకి జ్వరం తగ్గిందా అని చూసినట్టు, అరచెయ్యి తిప్పి వెనక వైపు కూడా ఆనించి చూసింది.

"చల్లగానే ఉందిలే," అన్నది ఈసారి.

ఆ పూట సంకటి తిన్నది. రెండు ముద్దలే అనుకోండి. తిన్నది.

మట్టల ఆదివారం వెళ్లింది. మంచి శుక్రవారం వెళ్లింది. ఈస్టరు తెల్లవారుజామున పేటంతా పాటలు పాడుకుంటూ తిరిగింది. ఆ పాటల్లో అత్తాకోడళ్ల గొంతు కలిసింది గానీ, చూపు షెడ్డు మీదే ఉంది.

సోమవారం ఎండ నెత్తికెక్కాక యోహాను గారు వచ్చారు. డబ్బాలో పెట్రోలు, వెంట ఒక డ్రైవరు. నాపరాళ్లు తీసి బండిని నేలకి దించారు. డ్రైవరు తీగ తగిలించాడు. పెట్రోలు పోశాడు. సీటులో కూచున్నాడు — జక్కయ్య సీటులో.

మణెమ్మ తల పక్కకి తిప్పుకుంది.

మీట నొక్కాడు. బండి ఒక్క మూలుగు మూలిగింది. ఆగింది.

"మూడేళ్లయింది కదండీ," అన్నాడు డ్రైవరు.

మళ్లీ నొక్కాడు. మూలుగు... మూలుగు... ఆగింది.

యోహాను గారు జేబులోంచి కాగితం తీశారు. గ్రేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడోసారి — మూలుగు, దగ్గు, పెద్ద దగ్గు, నల్లటి పొగ. షెడ్డు రేకులన్నీ గడగడలాడాయి. రేకుల మీది వేప పూతంతా ఒక్కసారి జారి కింద పడింది.

నడిచింది.

"ఈ బ్యాటరీని చూసిందెవురు?" డ్రైవరు ఇంజను మోతలో అరిచి అడిగాడు.

"చూడలేదండీ," అన్నది మణెమ్మ.

డ్రైవరుకి అర్థం కాలేదు. యోహాను గారికీ కాలేదు. గ్రేసమ్మ మాత్రం కొంగు చాటున నవ్వింది.

యోహాను గారు కాగితం మీద రాసుకున్నారు. బండి నడుచును. అమ్మకం అక్కర్లేదు. జక్కయ్య పేరు యుద్ధం అయ్యేవరకు రిజిస్టరులో ఉండును. గదిలో వాళ్లు గదిలోనే ఉండవచ్చును. చదివి వినిపించి, చల్ల తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

పోస్టు జవాను ఆ రోజూ గంట కొట్టకుండానే వెళ్లాడు.

పొద్దు గూకుతోంది. అత్తాకోడళ్లు షెడ్డులో నిలబడ్డారు. డ్రైవరు తీగ తగిలించే వదిలేసి వెళ్లాడు.

"నలభై రోజులైపోయినయ్ గదే," అన్నది గ్రేసమ్మ. "ఇయ్యాల వెలిగించుకోవచ్చేమో."

మణెమ్మ స్విచ్చి మీద వేలు ఆనించింది. చాలాసేపు ఆనించే ఉంచింది. బండి ఉంది, గది ఉంది, పేరు రిజిస్టరులో ఉంది. మనిషి ఉన్నాడో లేడో చెప్పే స్విచ్చి మాత్రం ఎక్కడా లేదు.

వేలు తీసేసింది. తీగ ఊడదీసింది. ఆముదం రాసింది.

"చల్లగా ఉందా?" అన్నది అత్త.

"నువ్వే చూడు."

ఇద్దరూ గుమ్మంలో కూచున్నారు. చీకటి పడింది. రేకుల సందు కూడా కనపడటం లేదు. ఇద్దరూ అటే చూస్తున్నారు...

చిన్న వెలుగు. బొట్టంత.

వెలిగించలేదు. అయినా ఇద్దరికీ కనపడుతోంది.